నాయనమ్మ చెప్పిన కాలవ సంగతి

1946 మే నెల, ఆదివారం.

తాతయ్యా,

ఈ ఉదయం మంచినీళ్లు అందిస్తే నాయనమ్మ నన్ను తేరిపార చూసి, "తమరెవరండీ?" అని మర్యాదగా అడిగింది. కాసేపటికి పోల్చుకుని తనే సిగ్గుపడింది. నువ్వు పోయాక ఇలా జరగడం ఎక్కువైంది.

అరుగు మీదున్న బాబాయి అది విని, రేపు దయ్యం వదిలించేవాడి దగ్గరకు తీసుకెళతానన్నాడు.

"దయ్యం పడితే నోరు పెరుగుద్దిరా. నాకు మాటే దొరకట్లేదు," అంది నాయనమ్మ.

కొత్తగా నేర్చుకున్న మాట కదా అని నేను, "జ్ఞాపకశక్తి క్షీణించింది, బాబాయ్," అన్నాను.

"ఆ పుస్తకాల మాట నాకొద్దులేవే," అని నాయనమ్మ వెతుక్కుంటూ చెప్పింది. "ఎండాకాలం కాలవకి నీళ్లు కట్టేశాక చూడు. గుంటల్లో నీళ్లుంటాయి గానీ ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి పారవు. నేనూ అంతే. మీ తాత ఒక గుంటలో, నువ్వొక గుంటలో ఉన్నారు. మధ్యలో నడవాలంటే భయమేస్తోంది."

కాలవ లాకుల మీద కొలువు చేసిన నీకు ఆ మాట చెప్పాలనే ఈ ఉత్తరం.

నాయనమ్మ మాట విన్నాక బాబాయి నాతో, "సరే, ముందు డాక్టరుగారికి చూపిద్దాం. చదువుకున్నదానివి, అక్కడ నువ్వే చెప్పు," అన్నాడు.

నాయనమ్మ బదులు నేను చెప్పడానికి ఒప్పుకోలేదు. రేపు తెల్లవారకముందే బండి కట్టుకుని బెజవాడ వెళతాం. డాక్టరుగారు నన్ను అడిగినా, నాయనమ్మనే అడగమంటాను. తనకు మాట దొరికేదాకా పక్కన కూర్చుంటాను.