డేట్స్ డైరీలో కారు

మంగళవారం, ఫిల్మ్ నగర్

టోలిచౌకి మెకానిక్‌కి కారు చూపించాను. "బయట పాలిష్ కొట్టిస్తున్నరు గానీ, లోపల బ్రేక్ ఆయిల్ నల్లగైంది సార్. అన్నీ టైముకు మారిస్తే ఇంకో ఐదేళ్లు ఫికర్ లేదు," అన్నాడు. ఆటో దిగి వెళ్తే ఏ నిర్మాత ఆఫీసులోనూ నన్ను నటుడిగా చూడరు. కారు బతకాల్సిందే.

సాయంత్రం కూర్చుని బ్రేక్ ఆయిల్, ఇంజన్ ఆయిల్, కూలెంట్, గేర్ ఆయిల్ ఏ నెలలో మార్చాలో రాసుకున్నాను. చేతికి దొరికింది నా షూటింగ్ డేట్స్ డైరీయే. ఈ ఏడాదంతా ఖాళీ పేజీలే కదా.

కాఫీ తెచ్చిన మా ఆవిడ అందులో నేను రాస్తుండటం చూసింది. ఎన్నాళ్లకో మొహం విప్పారింది.

"ఎవరైనా డేట్స్ అడిగారా అండీ?"

"ఆఁ," అన్నాను.

వెంటనే వెళ్లి దేవుడి దగ్గర దీపం పెట్టింది.