మందకు కొలిచిన జొన్నలు

మార్కాపురం, ఆదివారం రాత్రి

ఈ రోజు మా దూరవిద్య క్లాసులో స్థూల అర్థశాస్త్రం సారు, నాతోపాటు చదివే లక్ష్మీదేవి అసైన్‌మెంట్‌ను పైకి చదివి అందరినీ నవ్వించాడు. జాతీయాదాయానికి ఉదాహరణ అడిగితే ఆమె ఇంటి సంగతి రాసింది. వాళ్ల నాయన రాత్రుళ్లు రైతుల చేలల్లో గొర్రెల మంద ఆపుతాడు. చేనుకు ఎరువు పడుతుంది, రైతు జొన్నలు కొలిచి ఇస్తాడు.

"ఏందమ్మా, గొర్రెల పెంట గూడ దేశం ఆదాయమేనా?"

"ఆ జొన్నలు కూలే గదా సార్," అంది లక్ష్మీదేవి.

"డబ్బు చేతులు మారకుంటే లెక్కలోకి రాదు. గైడు చూసి మళ్లీ రాసియ్యి. లేకుంటే మార్కులుండవు."

ఆ మార్కులు లేకపోతే ఆమెను పరీక్షకు కూర్చోనివ్వరు. మధ్యాహ్నానికి గైడులో ఉన్నది దించి ఇచ్చింది. ఆయన చదవకుండానే సంతకం పెట్టాడు.

నేను విలేకరినని ఆమెకు తెలుసు. గిద్దలూరు బస్సు ఎక్కేముందు నన్ను పక్కకు పిలిచింది. "అన్నా, పేపర్లో మాత్రం రాయొద్దు. ఆయన మళ్లా నా మీద పడతాడు."

రాయనని మాటిచ్చాను.

ఇంటికొచ్చి పాఠ్యపుస్తకం తీశాను. వస్తురూపంలో ఇచ్చే కూలి కూడా జాతీయాదాయంలోకే వస్తుందని అందులో ఉంది. ఆయన చెప్పేది ఆ పుస్తకమే. విలేకరిగా అబద్ధాలాడే అధికారులను చాలామందిని చూశాను. వాళ్లు కనీసం ఫైలు చదివి అబద్ధమాడేవాళ్లు.

నా అసైన్‌మెంట్ ఇంకా ఇవ్వలేదు. వచ్చే ఆదివారం దాకా గడువుంది. లక్ష్మీదేవి కాగితం మీద సంతకం పడిపోయింది కాబట్టి ఇక ఆమెను ఏమీ చేయలేడనే అనుకుంటున్నాను...

నా అసైన్‌మెంట్‌లో మంద గురించే రాస్తాను. కింద పుస్తకం పేజీ నంబరు వేస్తాను. నా మార్కులు కోసుకోనీ. ముందు అందరి ముందు పైకి చదవనీ.