రికార్డింగులో నా గొంతు

శుక్రవారం, రాత్రి

ఇంట్లో తరతరాలుగా వస్తున్న పాట ఒకటి పెద్దవాళ్ల చేత పాడించి, ఫోనులో రికార్డు చేసి రేపటిలోగా పంపమన్నారు సంగీత చరిత్ర టీచరు. పంపకపోతే క్లాసు రెండో భాగంలో చేర్చుకోరు. ఐదో తరగతితో బడి మానిన నాకు ఉన్నది ఈ ఆన్‌లైన్ క్లాసు ఒక్కటే.

సాయంత్రం కూలికి తెచ్చిన బ్యాండేజి గుడ్డ మడతలు పెడుతూ అత్తను అడిగాను. మంసాపురంలో వాళ్ల అవ్వ పాడే జోలపాట అందుకుంది. ఎంత బాగా పాడిందో! పాట అయిన వెంటనే అంది:

"పాడినా కదా, పోదుమా, చాలునా? బిడ్డ లేని ఒడికి జోలపాట దేనికే? రేపటినించి ఆ క్లాసు వద్దు. ముందు ఇంట్లో తొట్టిల కట్టే దారి చూడు."

అదీ రికార్డయింది. కత్తిరించడం నాకు రాదు. ఆయనకు వచ్చు, కానీ విన్నాక వాళ్లమ్మ చెప్పిందే సరి అంటారు. మళ్లీ పాడమని అత్తను అడిగే ధైర్యం లేదు.

ఇప్పుడే మూడోసారి విన్నాను. అత్త మాట ముగియగానే, వెనకాల చాలా సన్నగా, "సరి అత్తా" అని నా గొంతు.

క్లాసులో ఇంతవరకూ నోరు విప్పలేదు. ఇది పంపితే టీచరు వినే నా మొదటి మాట అదే.