బావ చెవుల పరీక్ష

శ్రావణ మంగళవారం, 1966

ఈ రోజు గని దవాఖానలో బావకు చెవుల పరీక్ష చేశారు. డాక్టరు గదికి అవతలి మూలన నిలబడి గుసగుసగా అంకెలు చెప్పాడు. బావ ఒక్కటి కూడా తప్పకుండా తిరిగి చెప్పాడు. లోపలి పనికి తగినవాడేనని డాక్టరు రాసిచ్చాడు.

బావకు వాటిలో ఒక్క అంకె కూడా వినబడలేదని నాకు తెలుసు. గనికి రాకముందు ఆయన సిరిసిల్లలో సాంచాలు నడిపాడు. ఆ మరమగ్గాల మోతలో పనివాళ్లంతా పెదవులు చూసే మాట్లాడుకుంటారు.

బయటికి వచ్చాక నవ్వాడు. “డాక్టర్ సాబ్‌కు మీసాల్లేవు గద బామ్మర్దీ, బతికిపోయిన. లేకుంటె నౌకరి పోతుండె.”

నాకు నవ్వు రాలేదు. మేము పనిలోకి దిగే ముందు గని పైకప్పును కడ్డీతో కొట్టి, చప్పుడు విని, గట్టిదో బోలుదో చెప్పేది బావే.

“రేపు కప్పు కొడితె నీకెట్ల ఎరుకైతది బావా?” అని అడిగాను.

“నువ్వు నా ఎదురుంగ నిలవడు. బోలు సప్పుడైతె జర నోరు తెరువు, గంతే. మీ అక్కకు చెప్పకు.”

సరేనన్నాను. మొన్న మందు పేలినప్పటి నుంచి నా ఎడమ చెవిలో హోరు తగ్గలేదు. ఇప్పుడు కుడి చెవిలోనూ మొదలైంది. ఆ మాట బావకు చెప్పలేకపోయాను. తెల్లవారితే మొదటి షిఫ్టు...