హాల్లో దీపం తగ్గించింది నేనే

తెనాలి,
బుధవారం.

ప్రియమైన మార్తమ్మ అక్కయ్యకు,

నీ తమ్ముడు సామ్యేలు ప్రభువు పేరట వందనాలు చేసి రాసుకునేది. దేవుని దయవల్ల ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ నువ్వూ, బావా కులాసాగా ఉన్నారని నమ్ముతున్నాను. మోకాళ్లకి నూనె రాసుకుంటున్నావా? రాసుకోవు, నాకు తెలుసు. నేను రేపల్లెలో ఉండి రోజూ అడిగితేనే రాసుకునేదానివి కాదు, ఇప్పుడు అడిగేవాడు కూడా లేడు. బావ దగ్గు సంగతి కూడా తెలియజెయ్యి.

ఫోనుండగా వీడికి ఉత్తరమేంటి అనుకుంటావు. ఫోనులో అయితే నేను సగం చెప్పి నీళ్లు నములుతాను. మిగతా సగం నువ్వు నామీద ప్రేమకొద్దీ అడగవు. అందుకని కాగితం తీశాను. ఐదో తరగతి చదువు, తప్పులుంటే సర్దుకో.

ముందు సంతోషం చెప్పనీ. అక్కయ్యా, నా మనవరాలు ఎంత బాగుందో రాయడానికి నాకు మాటలు రావు. ముక్కు అచ్చం మన అమ్మది. నా వేలు దొరికితే చాలు, పట్టుకుని వదలదు. నేను కాఫీ తాగాలన్నా ఎడంచేత్తోనే తాగుతున్నాను. ఈ ముసలితనంలో నాకీ భాగ్యం ఏంటని ఊరికే కళ్లెంబడి నీళ్లొస్తాయి. పాలబూత్ దగ్గర కనపడ్డవాళ్లందరికీ ఫోన్లో ఫోటో చూపిస్తున్నాను. నిన్న ఒకాయన నన్ను చూసి రోడ్డు దాటి అవతలికెళ్లిపోయాడు. ఆయనకి నాలుగైదుసార్లు చూపించినట్టున్నాను.

ఇల్లు మూడో అంతస్తు. గాలి బాగానే వస్తుంది గానీ మనిషి చప్పుడు రాదు. మా అబ్బాయి ఆనంద్ పొద్దున్నే ఆఫీసుకెళ్తే రాత్రికే రావడం. మెట్ల మీద ఎదురైనవాళ్లు "బాగున్నారా అండి" అని, నేను జవాబు చెప్పేలోపే దిగిపోతారు. మధ్యాహ్నం రేపల్లె బండి కూత వినపడితే నా ప్రాణం దానెంట పోతుంది. తిండికి లోటు లేదు. కోడలు సునీత పప్పుచారు పెడితే నువ్వు పెట్టినట్టే ఉంటుంది. ఈ మాటకి అలగొద్దు.

సునీతకి పుట్టుకతోనే చెవులు వినపడవని నీకు తెలిసిందే. పెళ్లికి నేనొప్పుకోలేదు, ఏడాదిపాటు మొహం చాటేశాను. ఇప్పుడు ఆ పిల్ల, నేను పలక మీద రాసుకుని మాట్లాడుకుంటాం. కూర ఏంటని నేను రాస్తే దొండకాయ బొమ్మ వేసి కింద ఏడుపు మొహం పెడుతుంది, నాకు దొండకాయ పడదని తెలిసి. చేతుల భాష కూడా నాలుగు మాటలు వచ్చాయి. అన్నం, పాప, నిద్ర, చాలు. ఇంట్లో ఉన్న ముసలాడికి అవి సరిపోతాయి.

కాన్పు బాపట్లలో పుట్టింట్లో కావాల్సింది కదా. సునీతే వద్దంది. తన ఇంట్లో, తన చేతుల్లో పెంచుకుంటానని పట్టుబట్టింది. దానికి ఆనంద్ ఒక ఏర్పాటు చేశాడు. హాల్లో, పడగ్గదిలో స్మార్ట్ బల్బులు పెట్టాడు. వైరు లేకుండా వైఫైతో పనిచేస్తాయి. ఉయ్యాల దగ్గర చిన్న డబ్బీ ఉంటుంది. పాప ఏడిస్తే అది విని బల్బులకి చెబుతుంది, బల్బులు ఎర్రగా కొట్టుకుంటాయి. గుమ్మం బెల్లు నొక్కితే ఆకుపచ్చగా వెలుగుతాయి. వంటింట్లో అటు తిరిగున్నా, హాల్లో బల్బు వెలుగు గోడమీద కొట్టుకోవడం సునీతకి కనపడుతుంది. పాప క్యారుమంటే చాలు, పొయ్యి ఆపి పరిగెత్తుతుంది. చెవులున్న తల్లులు కూడా అంత వేగిరం రారు, నేను చూశాను.

ఈ ఇల్లు అద్దెది. పాత రోజుల్లో ఓనరు గోడమీద డిమ్మర్లు పెట్టించాడు. ఫాను రెగ్యులేటరులా ఉంటుంది, తిప్పితే వెలుగు తగ్గుతుంది. ఈ బల్బులకీ వాటికీ పడదట. ఓనరు బోర్డు మార్చనివ్వలేదని ఆనంద్ వాటిని చివరికంటా తిప్పి, కదలకుండా పైన టేపు అంటించాడు. నాతో ప్రత్యేకంగా చెప్పాడు కూడా.

"నాన్నా, బల్బులోనే చిన్న కంప్యూటరుంటుంది. దానికి గోడలోంచి నిండా కరెంటు రావాలి. వెలుగెంత కావాలో ఫోన్లో చూసుకుందాం. దీన్నిమాత్రం ముట్టుకోకు."

సరేరా అన్నాను. అన్నవాణ్ణి అన్నట్టుండొద్దా?

రూతమ్మగారు, అంటే సునీత వాళ్లమ్మ, బాపట్ల హాస్టల్లో వంటచేస్తారు. కాన్పుకి పెట్టిన సెలవు అయిపోయి ఆవిడ వెళ్లిపోయాక పాప బాధ్యత పెద్దవాణ్ణి నాదే అనిపించింది. అప్పుడే నువ్వు ఫోనులో అన్నావు, బాలింత గది మసకగా ఉండాలి, పసిగుడ్డు కళ్లమీద వెలుగు పడనీయొద్దు, మనమ్మ మనల్నందర్నీ అలాగే పెంచింది అని. నిన్ను అనడంలేదక్కయ్యా. నువ్వు గది మసకగా ఉంచమన్నావు, టేపు పీకమనలేదు. ఆనంద్‌కి చెబితే ఫోన్లో ఒక్క నొక్కుతో తగ్గించేవాడు. ఫోను సంగతి వాణ్ణి అడగడం నాకు చిన్నతనంగా తోచింది. తిప్పడం నాకు వచ్చిన పని. వేమూరు కాలువ మీద లస్కరుగా బతుకంతా తూము తలుపుల మరలు తిప్పినవాణ్ణి కదా.

సునీత స్నానానికెళ్లినప్పుడు రెండు చోట్లా టేపు పీకి సగానికి తిప్పాను. హాల్లోది కూడా ఎందుకంటే, ఆ వెలుగు తలుపులోంచి ఉయ్యాల మీద పడుతుంది. మసక చక్కగా కుదిరింది. బల్బు ఈగలా రొద చేసింది. కొత్త వస్తువు కదా, ఏదో చప్పుడు ఉంటుందిలే అనుకున్నాను. టేపు మళ్లీ పైన అంటించేశాను. ఎవరూ పోల్చుకోలేదు. బల్బు పాతబడిందేమో, చీకటిగా ఉందని ఆనంద్ ఒకసారి అన్నాడు. బాలింత గదికి అదే మంచిదిరా అన్నాను.

తరవాత బల్బులు వాటంతటవే రెపరెపలాడడం మొదలుపెట్టాయి. సునీత పరిగెత్తుకొస్తే పాప హాయిగా నిద్రపోతుండేది. అలా రోజంతా ఉత్తుత్తి పరుగులే. పచ్చి బాలింత, కళ్లు లోపలికి పోయాయి. పలక మీద రాసి నన్నే అడిగింది, బల్బుకి ఏమైంది మామయ్యగారూ అని. నాకు తెలియదని తల అడ్డంగా ఊపాను. అప్పటికి నాకు నిజంగానే తెలియదు. కానీ అనుమానం వచ్చింది. వచ్చిన అనుమానాన్ని లోపల తొక్కేశాను, ఎలా రాయమంటావు.

పోయిన గురువారం నేను సొరకాయ కోసం కిందికెళ్లాను. తిరిగొచ్చేసరికి మా గుమ్మం ముందు నలుగురు ఆడవాళ్లు నిలబడి బెల్లు నొక్కుతున్నారు, తలుపు బాదుతున్నారు. లోపల పాప గుక్కపట్టి ఏడుస్తోంది. మెట్ల కిందికి వినపడింది నాకు. ఎదురింటావిడ నన్ను చూసి, "ఏంటండీ బాబాయిగారూ, చెవులు లేనిదాని మీద పసిబిడ్డని వదిలి బజారుకెళ్తారా" అంది. వాళ్లని తప్పించుకుని తాళంచెవి పెట్టాను. తలుపు తీస్తే సునీత వంటింట్లో మాకు వీపుపెట్టి గిన్నెలు తోముకుంటోంది. హాల్లో బల్బు నల్లగా చచ్చిపోయి ఉంది. పాప ఏడ్చి ఏడ్చి నీలంగా మారింది. నేను ఎత్తుకుంటుంటే సునీత వెనక్కి తిరిగింది. ఇంటినిండా జనం. వాళ్ల మొహాలు చూసింది, పాపని చూసింది. ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది.

పాపకి ఏమీ కాలేదు. పాలు తాగి నిద్రపోయింది. అందరూ వెళ్లాక సునీత పలక మీద రాసింది, "నా తప్పే."

అప్పుడు చెప్పాల్సింది. నేనేం చేశానో తెలుసా? ఆ పిల్ల పాపని తీసుకుని లోపలికెళ్లగానే టేపు తీసి, డిమ్మరు చివరికంటా తిప్పేసి, టేపు మళ్లీ అంటించాను. ఆ పిల్ల వంటింట్లోకెళ్లాక పడగ్గదిలోదీ అలాగే సర్దేశాను. సాయంత్రం ఆనంద్ వచ్చి చూస్తే అన్నీ తను పెట్టినట్టే ఉన్నాయి. బల్బు పాడైంది, అంతే. వాడికి ఇక ఆ బల్బుల మీద నమ్మకం పోయింది. పాప కాస్త పెద్దదయ్యేదాకా బాపట్లలో అమ్మ దగ్గరుండమని సునీతకి చెప్పాడు. ఎదురుచెప్పే పిల్ల, ఎదురు చెప్పలేదు. అన్నం ముందు కూర్చుని లేచిపోయేది. పాపని ఎత్తుకోవాలంటే ముందు నా మొహం చూసేది, ఎత్తుకోనా అన్నట్టు. నేను మాత్రం రెండు పూటలా తిన్నాను.

ఆ రాత్రే నువ్వు ఫోను చేశావు. పాప అంతసేపు ఎందుకేడ్చింది అన్నావు. "సునీతకి వినపడలేదులే" అన్నాను. ఆ ఒక్కమాటా నా నోటిదే. నువ్వు పాపం మంచిమనసుతో స్త్రీల కూడికలో ప్రార్థన పెట్టించావు, చెవిటి తల్లి చేతిలో ఉన్న మా పసిబిడ్డని దేవుడు కాపాడాలని. ఇప్పుడు రేపల్లెలో సంఘమంతా నా కోడలి కోసం మోకరిస్తోందని విన్నాను. అది విన్న దగ్గర్నుంచి నేను ప్రార్థనకి కళ్లు మూసుకోలేకపోయాను.

శనివారం రూతమ్మగారు బ్యాగుతో వచ్చారు. సునీత పాప గుడ్డలు ఒక్కొక్కటీ మడిచి సంచిలో పెడుతోంది. కళ్లు తుడుచుకోవడం కూడా మానేసింది. నేను అక్కడే కుర్చీలో కూర్చునున్నాను. రూతమ్మగారు నాతో, "అన్నయ్యగారూ, మీరేం బాధపడకండి, మా పిల్లకి దేవుడు అంతే ఇచ్చాడు" అన్నారు. ఆ ఓదార్పుకి నాకు లోపల తెగిపోయింది.

"లేదు చెల్లెమ్మా, దేవుడు కాదు, నేను" అన్నాను. లేచి వెళ్లి అందరూ చూస్తుండగా టేపు పీకి, ఎంత తిప్పానో అంతా తిప్పి చూపించాను. ఎప్పుడు తిప్పానో, మళ్లీ ఎప్పుడు సర్దేశానో చెప్పాను.

ఆనంద్ నేల మీద కూర్చుండిపోయాడు. తిట్టినా బాగుండేది. రూతమ్మగారు మాత్రం అడిగారు. "నా కూతురు రెండ్రోజులు తలొంచుకుని కూర్చుంటే, ఎదురుగా మీరెలా అన్నం తిన్నారండీ?"

అక్కయ్యా, కాలువ మీద పనిచేసినన్నాళ్లూ ఎవడైనా పైన తలుపు దించేస్తే కింద చేలు ఎండి, నీళ్లు కట్టడం చేతకాదని కింద రైతు మాటపడేవాడు. అలా దించినవాళ్లని నేనే ఎంతమందిని గట్టుమీద నిలబెట్టి తిట్టానో.

సునీతకి ఆనంద్ చేతులతో అంతా చెప్పాడు. చెబుతుంటే ఆ పిల్ల మొహం మారింది. ఆ పిల్లని అంత కోపంగా నేనెన్నడూ చూడలేదు. పలక తీసుకుని సుద్ద విరిగేలా రాసింది. "అది నా చెవి. నన్ను అడక్కుండా ముట్టుకున్నారు." నేను మళ్లీ కుర్చీలో కూర్చునుంటే, పలక నా చేతికివ్వకుండా ఒళ్లో పెట్టి లోపలికెళ్లింది. కాసేపటికి వచ్చి సంచిలో గుడ్డలన్నీ బయటికి తీసి అలమరలో పెట్టుకుంది. నేనెక్కడికీ పోనని ఎవరితోనూ అనలేదు, సర్దేసుకుందంతే. రూతమ్మగారు ఖాళీ బ్యాగుతో సాయంత్రం బాపట్ల బండి ఎక్కారు. స్టేషనుకి నేనే వెళ్లాను. ఆవిడ నేనిచ్చిన మంచినీళ్ల సీసా కాదనకుండా పుచ్చుకున్నారు.

ఓనరు దగ్గరకి నేనే వెళ్లి బతిమాలాను. ఒప్పుకున్నాడు. డిమ్మర్లు రెండూ తీసేసి మామూలు స్విచ్చిలు పెట్టించాడు ఆనంద్. హాల్లోకి కొత్త బల్బు వచ్చింది. పడగ్గదిది బతికే ఉంది. పాప కళ్లకి కావాల్సిన మసక ఇప్పుడు ఫోన్లో సునీతే పెట్టుకుంటుంది, ఎర్రదీపం ఎర్రదీపంలాగే వెలుగుతుంది. ఎదురింటికి కూడా వెళ్లి తప్పు నాదని చెప్పాను. ఆవిడ మొహమాటపడి కాఫీ ఇచ్చింది. ఆ కాఫీ ఎలా మింగానో నాకే తెలుసు.

నిన్న సునీత నా చొక్కా తెచ్చి చేతికిచ్చి తలుపు చూపించింది. బయటికెళ్లి రమ్మని. ఇల్లూ పాపా తనకొదిలి. వెళ్లి మెట్ల కిందే నిలబడ్డాను. పాప ఏడుపు వినపడింది. పైకెక్కబోయి రెయిలింగు పట్టుకుని ఆగాను. ఏడుపు వెంటనే ఆగిపోయింది. రోడ్డు మీదికొచ్చి తలెత్తితే బాల్కనీలో పాపని భుజాన వేసుకుని నిలబడుంది. నేనక్కడే తచ్చాడుతున్నానని కనిపెట్టేసింది. పో, ఇంకా దూరం పో, అని చేత్తో విసిరింది. నవ్విందో లేదో అంత దూరానికి నాకు కనపడలేదు. మార్కెట్టు దాకా పోయొచ్చాను.

చిన్న కోరిక. నిజాంపట్నం నుంచి ఎవరైనా వస్తే ఎండు సొరచేప ముక్కలు కాసిని పంపు, బాలింతకి పాలుపడతాయి. బస్సులో ఎవరిచేతికైనా ఇస్తే నేను స్టాండుకెళ్లి తీసుకుంటాను.

ఇక పెద్ద కోరిక. అక్కయ్యా, ఈ ఉత్తరం చదివి దిండు కింద పెట్టుకోకు. తమ్ముడి పరువని దాచొద్దు. ఆదివారం ఆరాధన అయ్యాక స్త్రీల కూడికలో నిలబడి, ఏ నోటితో ప్రార్థన పెట్టించావో ఆ నోటితోనే ఇది మొదటినుంచీ చదువు. నా పేరు దగ్గర గొంతు తగ్గించకు. పెద్దలందరికీ నా వందనాలు చెప్పు. సునీత కోసం ప్రార్థన ఇక అక్కర్లేదని చెప్పు, బిడ్డ దగ్గరికి ఎలా పరిగెత్తాలో ఆ పిల్లకి వచ్చు. ఆ ప్రార్థన నాకు మార్పించు.

నీ ఆశీర్వాదం కోరే తమ్ముడు,
సామ్యేలు