బాగానే ఉందన్న పంట

బుజ్జమ్మకు నాయనమ్మ ఆశీస్సులు.

వరదకు మన మొక్కజొన్న చేను మొత్తం పోయింది. మనుషులం క్షేమం. నష్టపరిహారం రాసుకోవడానికి మొన్న అధికారి ఇంటికి వచ్చి, "పంట ఎలా ఉందండీ?" అని అడిగాడు. మీ నాన్న అలవాటు కొద్దీ, "మీ దయవల్ల బాగానే ఉందండీ" అన్నాడు. ఆయన 'నష్టం లేదు' అని రాసేసుకుని లేచాడు. ఆ సాయం అందకపోతే మళ్లీ విత్తనం వేసే దారి మనకు లేదు. నేను ఆయన్ని గుమ్మంలోనే ఆపాను.

"రైతే చెప్పాడు కదమ్మా!"

"మర్యాదకు అన్నాడు నాయనా. ఇంతకీ మీరెలా ఉన్నారు?"

"బాగానే ఉన్నానండీ."

"మరి ఆ కుంటడమేమిటి?"

ఆయన నవ్వేసి నా వెంట చేనుకు వచ్చాడు. చూసి, ముందు రాసింది కొట్టేసి, పంట పూర్తిగా పోయిందని రాశాడు. డబ్బు ఇంకా రాలేదు.

నా కళ్లజోడు కాడ విరిగింది, వచ్చేటప్పుడు కొత్తది తే. నల్ల గొడుగు నీ దగ్గరే ఉందా?

నీ కార్డులో 'బాగానే ఉన్నాను' అని ఉంది. నీ గదిలో ఉండే అమ్మాయి మాత్రం నీకు వారంగా జ్వరమని రాసింది. ఆ తండ్రి కూతురివి అనిపించుకున్నావు. ఉన్నది ఉన్నట్టు వెంటనే రాయి. చల్లగా ఉండు.

నాయనమ్మ