నువ్వు ఇచ్చిన కిడ్నీ గురించి

కొత్తపేట,
మంగళవారం

అమ్మకు సుజాత నమస్కారాలు.

నీ ఒంట్లో ఎలా ఉంది? కుట్లు పడ్డచోట ఇంకా లాగుతోందా? అప్పుడే మిషన్ తొక్కుతున్నావని పిన్ని చెప్పింది. తిట్టినా వినవుగా! నాన్న బీపీ మాత్రలు వేసుకుంటున్నారా? ఇక్కడ మేమంతా క్షేమం అని రాయాలి, చెయ్యి రావడం లేదమ్మా. ఫోన్‌లో చెబితే మొదటి మాటకే ఏడ్చి మిగతాది వినవు. అందుకే రాస్తున్నాను. చివరిదాకా చదువు.

బాబు మెడ పక్కన బిళ్ల కట్టిందని చెప్పాను కదా. జలుబు బిళ్లేలే అనుకున్నాం. ముక్క తీసి పరీక్షకు పంపారు. అది క్యాన్సర్ వైపు తిరుగుతున్న గడ్డట. ఇదిగో, ఏడవకు. డాక్టరమ్మ చెప్పిందంతా నీకూ చెబుతాను.

ఈబీవీ అని ఒక వైరస్ ఉందట, ఆటలమ్మ పోసే వైరస్‌కు దగ్గర చుట్టం. ఎంగిలి ద్వారా చిన్నప్పుడే దాదాపు అందరికీ అంటుకుంటుంది. జలుబులా వచ్చిపోయి, బతికినంతకాలం ఒంట్లో చప్పుడు చేయకుండా ఉండిపోతుంది. నీలో, నాలో, ఆ డాక్టరమ్మలోనూ ఉందట. ఒంట్లో కాపలా గట్టిగా ఉంటే ఏమీ చేయదు. బాబుకు మాత్రం ఎప్పుడూ రాలేదు. జబ్బు పిల్లాడని పుట్టినప్పటినుంచీ వాడి గ్లాసు, వాడి కంచం వేరు పెట్టాం కదా. పక్కింటి పిల్లలు కాకి ఎంగిలి చేసి ఇచ్చిన జామకాయ ముక్క కూడా నువ్వు పారేయించావు. వాడి ఒళ్లు దాన్ని ఎరగకుండానే పెరిగింది.

నాదీ ఆయనదీ కిడ్నీలు బాబుకు పనికిరావంటే నువ్వు ఇచ్చావు. దాంతోపాటే వైరసూ వెళ్లింది. అమ్మా, ఇది నీ తప్పు కాదు. ఆపరేషన్‌కు ముందే డాక్టర్లకు తెలుసు. అందరిలో ఉండేదాన్ని చూసి వద్దంటే ఎవరి కిడ్నీ పెడతారు? ఒళ్లు కొత్త కిడ్నీని తోసెయ్యకుండా ఇచ్చే మాత్రలు కాపలాను తగ్గిస్తాయి. అదను చూసి ఆ వైరస్ తెల్లకణాలను అదుపు లేకుండా పెంచేసింది. నీ తప్పు కాదు, మళ్లీ రాస్తున్నాను.

వానలు వదలడం లేదు. ఆయన గుమస్తాగా చేసే పళ్ల మార్కెట్టు దూరంగా బాటసింగారానికి మారింది కదా, చీకటితోనే బండి మీద పోతారు. మొన్న ఇంటి ఓనరమ్మ జొన్నరొట్టెలు పట్టుకొచ్చింది. “పరేషాన్ కాకు బిడ్డా, గా పోరనికి ఏం గాదు. జర నువ్వు తిను, ఎట్లయినవో చూస్కో” అంది. తింటూనే ఏడ్చాను. ఇక్కడ నాకంటూ ఎవరున్నారు? ఎవరైనా వస్తుంటే కందిపొడి పంపు. బాబుకు కాదు, నాకే. ముద్ద దిగడం లేదు.

నిన్న బాబుకు ఆ మాత్రలు సగానికి తగ్గించారు. కాపలా మళ్లీ లేస్తే గడ్డ దానంతటదే కరగొచ్చట, చాలామంది పిల్లల్లో కరుగుతుందట. కానీ లేచిన కాపలా కిడ్నీ మీదా పడొచ్చు. అది పోతే మళ్లీ డయాలసిస్సే. బాబు అంతా విన్నాడు. “పాడైతే అమ్మమ్మ కిడ్నీ అమ్మమ్మకు తిరిగిచ్చేస్తారా?” అని అడిగాడు.

వాణ్ణి బయట కూర్చోబెట్టాక డాక్టరమ్మ, “రెండూ దక్కాలనే చూస్తామమ్మా. దక్కకపోతే?” అంది. “కిడ్నీ పోతే పోనివ్వండి, పిల్లాడు కావాలి” అన్నాను. ఒళ్లు కోయించుకుని ఇచ్చినదానివి, నిన్ను ఒక్కమాటైనా అడగలేదు.

నాన్నకు, పిన్నికి నా నమస్కారాలు చెప్పు. బాబును దీవించు. ఇది చదివాక ఫోన్ చెయ్యి. వైరస్ గురించి, తప్పొప్పుల గురించి ఏమీ వద్దు. “నేనైనా అదే చెప్పేదాన్నే” అను. ఆ ఒక్కమాట చాలమ్మా.

నీ కూతురు
సుజాత